పసరు మీద వేసిన నింద

రక్తపరీక్ష కాగితం నిన్న చేతికొచ్చింది. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయని డాక్టరమ్మ చెప్పింది. ఇకమీదట మూడు నెలలకోసారి వస్తే చాలంది. బయటికొచ్చి ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకున్నారు చూసినవాళ్లు. సంతోషం సగమే. మిగతా సగం ఏమిటో చెప్పుకుంటే తప్ప నా మనసు కుదుటపడదని ఇది రాస్తున్నాను. నేను తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత కలం కంటే కత్తెర పట్టిందే ఎక్కువ. దిద్దిపెట్టడానికి ఇంట్లో ఎవరూ లేరు, మా అమ్మాయి శ్రావణికి మరాఠీ రాతే వచ్చు. తప్పులుంటే మన్నించండి.

మేముండేది సోలాపూర్‌లో, విడీ ఘర్కుల్‌లో. బీడీలు చుట్టే ఆడవాళ్ల కోసం కట్టిన కాలనీ ఇది. మా ఆయన నర్సింలు దాజీ పేట్‌లో పవర్‌లూమ్ మీద టవళ్లు నేస్తాడు. నేను పెళ్లికి ముందు నుంచే బీడీలు చుడుతున్నాను. తెల్లవారి ఇంటిపని కాగానే గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటాం. అందులో కత్తిరించిన ఆకు, తంబాకు, దారం. ఇక లేచేది అన్నానికీ అవసరానికే. పాతికేళ్లు అలా కూర్చుంటే ఒళ్లు ఊరుకుంటుందా? పెరిగింది. ఎంత పెరిగిందంటే, ఒళ్లో చాట నిలవకుండా జారిపోయేది.

మా పక్కింటి పద్మ దానికి తెగ నవ్వేది. నాకంటే ఆరేళ్లు చిన్నది. గోడకు అటు తను, ఇటు నేను. మధ్యాహ్నం అయ్యేసరికి తన చాట తీసుకుని మా గుమ్మంలోకి వచ్చి కూర్చునేది.

"అనసక్కా, చాట ఒళ్లె పెట్టుకున్నవా, పొట్ట మీద పెట్టుకున్నవా?"

"నోరు మూసుకుని నీ బీడీల మూతులు మూయవే," అనేదాన్ని. నవ్వేదాన్ని కూడా. కానీ మోకాళ్లు మాత్రం నవ్వనివ్వలేదు. దవాఖానలో చూపిస్తే, "బరువు తగ్గాలి, రోజూ నడువు" అన్నారు. నడవడానికి పోతే చాట ముందు ఎవరు కూర్చుంటారు?

జనవరిలో ఇక్కడ హల్దీకుంకూలు నడుస్తాయి. సంక్రాంతి నుంచి రథసప్తమి దాకా ఆడవాళ్లు ఒకరినొకరు ఇంటికి పిలుచుకుని, పసుపు కుంకుమ పెట్టి, చేతిలో నువ్వులు బెల్లం పోసి, కొంగులో ఏదో ఒక వస్తువు వేస్తారు. దాన్ని వాన్ అంటారు. దువ్వెనో, సబ్బుపెట్టో, స్టీలు గిన్నో. అసలు ఇది మరాఠీవాళ్ల ఆచారం. మా తాతలు తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాక మనవాళ్లకూ అలవాటైంది. బొట్టు పెట్టి కొంగులో వేసినదాన్ని వద్దనకూడదు, పారేయకూడదు.

ఈ ఏడు మా వదిన సుజాత ఇంట్లో వాన్‌గా గోళీల సీసా ఇచ్చారు.

వదిన మా ఆయనకు అక్క. ఆయన చిన్నప్పుడే అత్తగారు పోతే తమ్ముణ్ని తనే సాకింది. మరమగ్గంలో చెయ్యి నలిగిన దగ్గర నుంచి వదిన భర్త ఇంట్లోనే ఉంటున్నాడు, అప్పటి నుంచి ఇల్లు నడిపేది వదినే. సన్నబడే గోళీలూ పొడులూ అమ్మే పని చేపట్టింది. సీసా మీద పచ్చటి ఆకుల బొమ్మ ఉంది.

"అంత ఆకులే అనసూయా. ఇది మందు గాదు, తిండి అనుకో. నేను దినాం ఏస్కుంటలేనా? ఏమన్న అయిందా నాకు?" అంది నా కొంగు ముడివేస్తూ.

రోజుకు రెండు వేసుకోవడం మొదలుపెట్టాను. పదిహేను రోజుల్లో ఆకలి సగమైంది. శివరాత్రి నాటికి చాట ఒళ్లో కుదురుగా కూర్చుంది. ఉబ్బితబ్బిబ్బయిపోయాను. మంచిదే కదా అని, నా అంతట నేనే రోజుకు మూడు చేశాను.

రోజూ పొద్దున చుట్టిన బీడీలు తీసుకుని కార్ఖానాకు వెళ్తాం. చెకర్ వచ్చి చూసేదాకా అక్కడ వరుసలో కూర్చుంటాం. ఆ వరుసలో నేనే ఒక ప్రకటన బోర్డునయ్యాను. "ఏం తింటున్నవ్? ఎట్ల తగ్గినవ్?" అని ఒకరి తర్వాత ఒకరు. అడిగిన ప్రతివాళ్లకూ వదిన దగ్గర నుంచి సీసా తెచ్చిచ్చాను. మొదటి సీసా పద్మకు. అది అడగలేదు కూడా. నేనే దాని చాటలో పెట్టి, "నీకు గూడ పొట్టొస్తుంది, చూస్కో" అన్నాను.

హోళీ వెళ్లాక వాంతి వచ్చినట్టుండడం మొదలైంది. మా పనిలో దీనికి రెడీగా ఒక జవాబుంటుంది: తంబాకు. బీడీలు చుట్టేవాళ్లకు తల తిరగడం, వికారం కొత్త కాదు. దానికోసం ఎవరూ డాక్టరు దగ్గరికి పోరు. గోళ్లు పచ్చబడితే అదీ తంబాకే, మా గోళ్లు ఏనాడు తెల్లగా ఉన్నాయి గనక! ఒళ్లు దురద పెడితే ఆకు దుమ్ము. మూత్రం చాయ్ డికాక్షన్ రంగులోకి మారితే ఎండలు ముదిరాయనుకున్నాను. అన్నం వాసనే గిట్టకపోతే గోళీలు బాగా పనిచేస్తున్నాయని మురిసిపోయాను. నన్ను నేను నమ్మించుకోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది.

ఒకరోజు పొద్దున శ్రావణి కాలేజీకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది. నా గడ్డం పట్టుకుని ముఖం వెలుతురు వైపు తిప్పింది.

"మమ్మీ, నీ కండ్లు పివ్ళే అయినయి. అద్దంల చూస్కున్నవా?"

చూసుకున్నాను. పసుపు నీళ్లు పోసినట్టున్నాయి.

కామెర్లంటే మనవాళ్లకు గుర్తొచ్చేది పసరే. సంగతి వినగానే పద్మ చేతిలో ఆకు కింద పడేసి లేచింది. "మా తమ్మునికి గిట్లనే అయితే మూడు దినాలల్ల తగ్గింది. లే అక్కా, ఇప్పుడే పోదాం," అని ఆటో ఎక్కించి ఊరి చివర ఒక ముసలాయన దగ్గరికి తీసుకుపోయింది. మూడు పొద్దులు పరగడుపున పసరు తాగాలి. ఉప్పు లేదు, నూనె లేదు, మజ్జిగన్నమే పథ్యం. మూడు రోజులూ పథ్యం తప్పలేదు. గోళీలు మాత్రం మానలేదు. ఒంట్లో చెడునంతా కడిగేస్తాయని వదిన చెప్పింది కదా, ఈ పచ్చదనాన్ని కూడా కడుగుతాయనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నాలుగో రోజు చాట ముందే ఒరిగిపోయాను. మా ఆయన మగ్గం ఆపి పరుగెత్తుకొచ్చి పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. టోకెన్ తీసుకుని వరండాలో ఎంతసేపు కూర్చున్నామో లెక్క లేదు. బెంచీ మీద జాగా లేదు. కొడుకు కోసం వచ్చిన ఒక మరాఠీ ముసలమ్మ జరిగి, నా తల లాక్కుని తన ఒళ్లో పెట్టుకుంది. "ఝోప్, బాళా," అంది. పడుకో బిడ్డా అని. నా పేరు కూడా అడగలేదు. పిలుపు వచ్చేదాకా నా నుదురు నిమురుతూనే ఉంది. ఆమె మళ్లీ కనిపించలేదు. ఆమె కొడుకు బాగుండాలి.

డాక్టరమ్మ మరాఠీలో అడిగింది, మందులేమైనా వాడుతున్నారా అని. లేదన్నాను. అప్పుడు నేను అబద్ధం చెప్పలేదు. గోళీలు మందు కాదనే నా మనసులో ఉంది. పసరు సంగతి మా ఆయన చెప్పాడు. ఆమె కోపంతో నుదురు కొట్టుకుంది. అంతే, వార్డంతా తెలిసిపోయింది. సాయంత్రానికి మా కాలనీలో కూడా: పసరు వికటించింది, పద్మ తీసుకుపోయిందట.

మూడో రోజు డాక్టరమ్మ నా మంచం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. కాలేయం బాగా దెబ్బతిందనీ, రక్తం గడ్డకట్టే గుణం తగ్గుతోందనీ, ఇంకా దిగజారితే పుణెకు పంపాల్సి ఉంటుందనీ, అక్కడ కాలేయం మార్చాల్సి రావచ్చనీ చెప్పింది. నా చేయి పట్టుకుని మళ్లీ అడిగింది.

"మావశీ, ఖరం సాంగా. నిజం చెప్పండి. బలం పొడులు, సన్నబడే గోళీలు, ఎవరైనా ఇచ్చినవి, ఏదైనా సరే. మింగారా?"

అప్పుడు అర్థమైంది నాకు. ఇదంతా గోళీల పనే. పక్కన వదిన కొబ్బరినీళ్ల గ్లాసు పట్టుకుని ఉంది. నా మూతి తుడుస్తున్న ఆమె చేయి ఆగిపోయింది. మా ఆయన నేల చూస్తున్నాడు.

"నహీ," అన్నాను.

డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుని లేచిపోయింది. చావుకు దగ్గరగా ఉన్న మనిషికి కూడా మొహమాటం ఉంటుందని ఆ రోజు తెలిసింది.

వదిన ఇంటికి వెళ్లాక మా ఆయన మంచం పట్టె మీద కూర్చున్నాడు. "మంచిగ చేసినవ్. అక్క పేరు బయటికొస్తే ఆమె బతుకేం గావాలె? అమ్మ లెక్క సాకింది నన్ను. గోళీలు ఎట్లన్న బంద్ అయినయి గదా. ఇగ చెప్పి ఏం ఫాయిదా?" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. నాకూ అది సబబే అనిపించింది. పద్మ గుర్తు రాలేదు. నిజం చెప్పాలంటే, గుర్తొచ్చింది. పక్కకు నెట్టేశాను.

ఉగాది వార్డులోనే గడిచింది. నోరు ఎలాగూ చేదే, వేపపువ్వు పని లేకపోయింది. పండగ మర్నాడు పద్మ వచ్చింది. లోపలికి రావడానికి భయపడి తలుపు దగ్గరే నిలబడింది. మా ఆయన దాన్ని చూసి పలకరించకుండా బయటికి పోయాడు. మెల్లగా వచ్చి నా కాళ్ల మీద తల పెట్టింది.

"నేనే సంపుకున్న గదక్కా నిన్ను. కార్ఖానల ఎవ్వరు నా పక్కకు కూసుంటలేరు. కూసోకుంటే మానె. నువ్వు జరా లేచి తిరుగు సాలు."

దాని తల మీద చేయి వేసి చూస్తే, మెడ ఎముకలు తేలి ఉన్నాయి.

"సన్నబడ్డవేందే?" అన్నాను.

"నువ్వు ఇచ్చినయే అక్కా. ఒక్కపొద్దు గూడ తప్పలే. మన ఇద్దరిల ఒక్కదానికన్న మంచిగయితుంది."

అప్పుడైనా చెప్పొచ్చు. వదిన మెట్లెక్కి వస్తున్న చప్పుడు వినిపించింది. "ఇగ ఏస్కోకు. ఉడుకు చేస్తయి," అని మాత్రం అన్నాను. అది ముక్కు తుడుచుకుని నవ్వింది. "చూడు చూడు, నువ్వు తగ్గినంక నన్ను తగ్గొద్దంటున్నవ్!" నవ్వించాలనే అంది పాపం. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

దేవుడి దయ అనండి, డాక్టరమ్మ పట్టుదల అనండి, పుణె దాకా పోలేదు. రోజురోజుకూ కొద్దికొద్దిగా కోలుకున్నాను. ఏప్రిల్ సగంలో ఇంటికి పంపించారు. మంచం మీద నుంచి లేచి తలుపు దాకా నడిస్తేనే ఆయాసం. శ్రావణి కాలేజీకి పోతూ నాకు గంజి పెట్టి పోయేది. పద్మ రాలేదు. మా ఆయన ముఖం చూసి రావడం మానేసింది. మా గుమ్మంలో మధ్యాహ్నాలు దాని చోటు ఖాళీగా ఉండేది.

ఇంటికొచ్చిన నాలుగో పొద్దున గోడ అవతల వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. దాని అత్త ఏమైందని అడుగుతోంది.

"ఏం లేదత్తా. తంబాకు పడ్తలేదు," అంది పద్మ.

నేను ఎలా లేచానో తెలియదు. గోడ పట్టుకుని, మెట్టు దిగి, వాళ్ల గుమ్మం ఎక్కాను. పద్మ మోరి దగ్గర చెంబు పట్టుకుని ఉంది. దాని కనురెప్ప కిందికి లాగి చూశాను. ఇంకా తెల్లగానే ఉంది. అక్కడే నేల మీద కూలబడి అంతా చెప్పేశాను. గోళీల వల్లేనని ముందు నాకు తెలియకపోవడం, డాక్టరమ్మ అడిగినప్పుడు తెలియడం, తెలిసీ నహీ అనడం, దాని మీద పడ్డ నింద చూస్తూ ఊరుకోవడం.

పద్మ చెంబు కింద పెట్టింది.

"నన్ను నీ కాళ్ల మీద పడి ఏడ్వనిచ్చినవ్," అంది. "అప్పుడు గూడ చెప్పలే."

"చెప్పలే."

"నా పిల్లలు యాది రాలేదా అక్కా నీకు?"

క్షమించమని అడిగే ముఖం లేకపోయింది. "సీసా పట్టుకుని రా, దవాఖానకు పోదాం," అన్నాను. వచ్చింది. ఆటోలో నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కానీ నేను దిగలేకపోతే చంక కింద చేయి వేసి దింపింది.

డాక్టరమ్మ దాన్ని అదే ప్రశ్న అడిగింది. పద్మ సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"ఎవరిచ్చారు?"

పద్మ నా వంక చూసింది. "నేనే ఇచ్చాను," అన్నాను మరాఠీలో. "నేనూ వేసుకున్నాను. ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా పాత కాగితాలు తెప్పించి, పసరు అని రాసిన చోట కొట్టేయకుండా, పక్కన గోళీల సంగతి రాసింది. తర్వాత మాకు అర్థమయ్యేట్టు చెప్పింది. ఆకుల నుంచి తీసిందంటే చెడు చేయదని కాదు. ఇలాంటి సీసాల్లో ఏమేముందో పైన రాసినదాన్ని బట్టి నమ్మలేం. ఒకరు ఏళ్లకేళ్లు మింగినా ఏమీ కాదు, ఇంకొకరికి రెండు నెలల్లో ప్రాణం మీదికి వస్తుంది, ఎవరికి ఏమవుతుందో ముందు ఎవరూ చెప్పలేరు. పసరూ అంతే, దాన్నీ వెనకేసుకు రావొద్దంది. డాక్టరు అడిగినప్పుడు మాత్రం నోట్లో వేసుకున్న ప్రతిదీ చెప్పాలి, సీసా తెచ్చి చూపించాలి అంది. చదివేవాళ్లకు నేను చెప్పగలిగిందీ అంతే. నాకంటే తెలివైనవాళ్లు మీరు. కానీ మొహమాటం తెలివిని మింగేస్తుంది.

మర్నాడు పద్మ రక్తం కాగితం వచ్చింది. కాలేయానికి దెబ్బ తగలడం మొదలైంది, మొదట్లోనే పట్టుకున్నాం, ఆపేస్తే సర్దుకుంటుందని డాక్టరమ్మ అంది. తర్వాత కాగితం తిప్పి వెనక తెల్ల వైపు పెట్టింది.

"ఇంకా ఎవరెవరికి ఇచ్చారు?"

వరుసలో కూర్చునే చోట్లు గుర్తు చేసుకుంటూ పేర్లు చెప్పాను. ఎనిమిది చెప్పి ఆగాను.

"నాగమణిని మర్చిపోయినవ్," అంది పద్మ. నిన్నటి నుంచి అది నాతో అన్న మొదటి మాట.

"ఇంకెవరూ లేరా?" అంది డాక్టరమ్మ.

అప్పుడు నాకు వదిన గుర్తొచ్చింది. నేను దినాం ఏస్కుంటలేనా అన్న వదిన. ఎవరి పేరు కాపాడాలని నోరు కట్టుకున్నానో, ఆమె కూడా రోజూ అవే మింగుతోంది. ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా నాకు ఆ ఆలోచన రాలేదు. "మా ఆడబిడ్డ," అన్నాను. డాక్టరమ్మ పదో పేరు రాసింది.

తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను, చదివేవాళ్లు కంగారు పడొద్దు. అందరూ మానేశారు, అందరూ పరీక్ష చేయించుకున్నారు. పద్మ కాక ఇంకొకామెకు కొంచెం తేడా కనిపించింది, సర్దుకుంది. వదినకు ఏమీ కాలేదు. కార్ఖానా వరుసలో నిలబడి, పద్మ తప్పు లేదని నేనే గట్టిగా చెప్పాను. అది నా పక్కన కూర్చుంటోంది, మునుపటిలా నవ్వడం మాత్రం తగ్గించింది. మా ఆయన నాతో సరిగా మాట్లాడటానికి నెల పట్టింది.

కానీ అవన్నీ తర్వాత. ఆ రోజు ఆస్పత్రి నుంచి మేమిద్దరం నేరుగా దాజీ పేట్‌లో వదిన ఇంటికే పోయాం. వదిన తలుపు తీసి, నన్ను చూసి, నా వెనక పద్మను చూసింది. డాక్టరమ్మకు అంతా చెప్పేశానని చెప్పాను. ఆమె ముఖంలో నెత్తుటి చుక్క లేదు. తిట్టినా పడాలనే వెళ్లాను.

"నీ తమ్మునికి నువ్వు అమ్మవి. నీకేమన్న అయితే నేను ఎవరికి చెప్పుకోవాలె? పా వొదినా, నెత్తురిచ్చి వద్దాం," అన్నాను.

ఆమె లోపలికి పోయి సీసా తెచ్చింది, తలుపు దగ్గరగా వేసింది. ఆటోలో పద్మ మా ఇద్దరి మధ్యా కూర్చుంది. సగం దూరం పోయాక వదిన సీసా వైపే చూస్తూ అంది:

"ఆ దినం నువ్వు నహీ అన్నప్పుడు నేను నీ పక్కనే ఉంటి అనసూయా. నాకు గూడ నోరుండె."

పద్మ మెల్లగా ఆ సీసా తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.